కోడి తూకమును కొలతలవలన తెలిసికొనుట

మన ప్రాంతమున కోళ్లు లేని రైతుయిల్లు అరుదు. దుక్కిటెద్దును కొనునప్పుడు పదిమందిని పిలిచి, పండ్లు చూచి, నడక చూచి, సుడులు చూచి, రెండుపూటలు బేరమాడు రైతు, పెరటిలోని కోడిని అమ్మునప్పుడు మాత్రము రెండు నిమిషములైన ఆలోచింపడు. కోళ్లసొమ్ము ఇల్లాలి సొమ్మనియు, అది చిల్లర వ్యవహారమనియు మనకొక అలక్ష్యము గలదు. బడిపిల్లవాని పుస్తకములకు, సంఘమునకు కట్టవలసిన వడ్డీకి, జ్వరము వచ్చినప్పుడు మందులకు వెంటనే చేతికి వచ్చు డబ్బు ఆ చిల్లర వ్యవహారములోనిదే యని ఇంటి లెక్క వ్రాసికొను సభ్యులకు తెలియును. కనుక కోడి యెంత తూగునో అమ్మకముందే తెలిసికొను ఉపాయమునుగూర్చి ఈ నెల వ్రాయుచున్నాను.

జంగారెడ్డిగూడెము మెట్టకును మన్యమునకును నడుమనున్న వర్తకస్థలము. 2022వ సంవత్సరమున జిల్లాలను తిరిగి విభజించినప్పుడు పశ్చిమగోదావరినుండి ఏలూరు జిల్లాలో చేరినను, దీని సంతకు వచ్చు జనులు మారలేదు. బుట్టాయగూడెము, పోలవరము, జీలుగుమిల్లి వైపుల పల్లెలనుండి నాటుకోళ్లు గంపలలో వచ్చుచుండును. కాటా పెట్టి కొనువారు ఉన్నారు గాని, పెట్ట యింతకు, పుంజు యింతకు అని చేతితో ఎత్తి ధర కట్టుట ఇప్పటికిని పోలేదు. ఇక్కడనే చిక్కు. వర్తకుడు దినమునకు ఎన్నో కోళ్లను ఎత్తి, తరువాత పట్టణములో అవే కోళ్లను కాటాపై పెట్టి చూచుకొనును. ఎత్తినప్పుడు తాను అనుకొన్నదెంత, కాటా చెప్పినదెంత అను పాఠమును అతడు ప్రతిదినము చదువుచున్నాడు. కొంతకాలమునకు అతని చేయియే కాటా యగును. అమ్మునామె యేడాదికి పది కోళ్లను అమ్మును, ఆ పదింటి తూకము ఆమెకు ఎవరును చెప్పరు. దీనిని మోసమని నేననను. ఒకరికి తెలిసి మరియొకరికి తెలియకపోవుటచే వచ్చు నష్టమిది.

కాటా కొనరాదా యని అడుగుదురు. తప్పక కొనవలెను. ప్రతి సంఘమును ఒక వ్రేలాడు కాటాను, ముద్ర వేయించి, కార్యాలయములో ఉంచుట మేలు. 2009వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టము ప్రకారము క్రయవిక్రయములలో ముద్రగల కాటాయే చెల్లును. నేను చెప్పబోవు కొలత దానికి బదులు కాదు. కాని కాటా సంఘమువద్ద నుండును, కోడి కొండపల్లెలో నుండును. ఏలికపాములకు మందు పోయవలసిన రాత్రి, వర్తకుడు గుమ్మములో నిలిచిన ఉదయము, కాటా చెంత నుండదు. దర్జీలు వాడు గుడ్డటేపు యే యింటనైనను ఉండును. లేనిచో ముళ్లు వేసిన దారమైనను పనికివచ్చును.

కంటి అంచనా ఎందుకు తప్పునో ముందు తెలియవలెను. మన కన్ను పొడవును, ఎత్తును చక్కగా గుర్తించును, బరువును గుర్తింపజాలదు. ఒక పెట్ట రొమ్ము చుట్టుకొలత 28 సెంటీమీటర్లనియు, మరియొక దానిది దానికంటె పదవవంతు ఎక్కువగా 30.8 సెంటీమీటర్లనియు అనుకొందము. రెండింటి ఆకారము ఒక్కటే యైనచో, రెండవది చుట్టులోనే గాక పొడవులోను, వెడల్పులోను, లోతులోను పదవవంతు పెద్దది. 1.1ని 1.1 చేతను, మరల 1.1 చేతను హెచ్చించిన 1.331 వచ్చును. అనగా కంటికి పదవవంతు పెద్దదిగా కనబడిన కోడి తూకములో మూడవవంతు పెద్దది. చిన్నకోడికిని పెద్దకోడికిని ఇంచుమించు ఒకే ధర కట్టినప్పుడు మనము నష్టపడునది పెద్దకోడిమీదనే. బాగుగా మేపిన ఇల్లాలికే ఎక్కువ నష్టము కలుగుట ఈ పద్ధతిలోని వింత.

పశువుల విషయమున ఈ లెక్క మన రైతులలో కొందరికి పరిచితమే. రొమ్ము చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానిచేతనే హెచ్చించి, భుజపుమొన మొదలు పిరుదుటెముక వరకు గల పొడవుచేత మరల హెచ్చించి, వచ్చిన దానిని 300 చేత భాగించిన, పశువు తూకము పౌనులలో వచ్చును. చుట్టు 60, పొడవు 50 అంగుళములైన పశువు ఇట్లు 600 పౌనులు, అనగా సుమారు 272 కిలోలు తూగవలెను. ఎద్దు నడుము ఒక పీపావంటిది. పీపా చుట్టును పొడవును తెలిసిన, అందు పట్టునదెంతో తెలియును. ఆ లెక్కలోని ఉపాయమంతయు ఇదియే.

అయితే ఆ 300ను తెచ్చి కోడికి తగిలించుట కుదరదు. కోడి దేహముమీద ఈకల మందము కలదు. ఎంత నొక్కినను టేపు ఒంటిని అంటదు. దాని లోపల ఊపిరితిత్తులకు తోడుగా గాలితిత్తులు కలవు. పెద్దయెముకలలో కొన్ని బోలుగా నుండి గాలితో నిండియుండును. మెడ, కాళ్లు, రెక్కలు మొత్తము తూకములో ఎంత వంతు అను విషయము జాతి జాతికి మారును. నిటారుగా నిలుచు అసీలు పుంజునకును, గుండ్రని పొట్టికాళ్ల పెట్టకును ఒకే గుణకము పనికిరాదు. కనుక ఎక్కడనో అచ్చువేసిన సూత్రమును నమ్ముటకంటె, మన ఊరి కోళ్లకు మనమే సూత్రము కట్టుకొనుట మంచిది. అది కష్టమైన పని కాదు.

కోడిమీద తీయదగిన కొలతలు పలువిధములు: రొమ్ము చుట్టు, ఒంటి పొడవు, రొమ్ముటెముక పొడవు, పొలుసులకాలి పొడవు, దాని లావు, తొడ పొడవు, రెక్కల విరివి. ఈ విషయమున పరిశోధించినవారు తూకముతో ఎక్కువ పొత్తు గలదిగా తరచు రొమ్ము చుట్టుకొలతనే చెప్పుచుందురు. కారణము స్పష్టమే, కోడిలో మాంసము ఎక్కువగా నుండునది అక్కడనే. కాలి పొడవు ఎముకల పెరుగుదలను చెప్పును గాని, ఆ యెముకలమీద కండ యెంత పట్టినదో చెప్పదు. నెలరోజులు జబ్బుపడి చిక్కిన పుంజు కాలు పొట్టిది కాదు గదా! తోక, జుట్టు, ఈకల నిగనిగ మొదలైనవి బేరమునకు అందమే గాని తూకమునకు సాక్ష్యము కావు. కనుక సామాన్యముగా రొమ్ము చుట్టు ఒక్కటి చాలును. పెరుగుచున్న పిల్లలకు కాలి పొడవును కూడ వ్రాసికొనిన మేలు.

కొలుచు పద్ధతినిగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. పని చెడునది లెక్కలో కాదు, ఇక్కడనే. తెల్లవారుజామున గంప ఎత్తకముందు, మేత వేయకముందు కొలువవలెను. సాయంకాలమున కోడి మెడక్రింది మేతసంచి గింజలతో నిండి రాయివలె నుండును. ఆ గింజల తూకము కోడి తూకము కాదు. ఒకరు కోడిని రెండుచేతులతో నిదానముగా పట్టి, బల్లమీదనో అరుగుమీదనో దాని కాళ్లమీద నిలువబెట్టవలెను. కాళ్లుపట్టి తలక్రిందుగా వ్రేలాడదీసి కొలిచిన చుట్టు మారిపోవును, ప్రాణియు బెదరును. రెండవవారు రెక్కలను కొంచెము పైకెత్తి, టేపును రెక్కల మొదళ్ల వెనుకనుండి, వాటి క్రిందుగా పోనిచ్చి, రొమ్ములో మిక్కిలి నిండుగానున్న చోట చుట్టవలెను. ఈకలు అణగవలెను, కండ నొక్కబడరాదు. ఒక్కొక్కరి బిగింపు ఒక్కొక్క విధముగా నుండును గనుక, ఒక ఇంట ఎప్పుడును ఒక్కరే టేపు పట్టుట మంచిది. మూడుసార్లు కొలిచి, మూడింటి సగటును వ్రాయవలెను. మొదటి కొలతకును మూడవ కొలతకును అరసెంటీమీటరుకంటె ఎక్కువ తేడా వచ్చినచో చేయి ఇంకను కుదురలేదని యెరిగి మరల కొలువవలెను.

కాలి పొడవు కొలుచునప్పుడు, జనులు మోకాలని పిలుచు వెనుకకు వంగు కీలుమొదలు, నడిమివ్రేలు మొలచుచోటివరకు, ఈకలు లేని పొలుసులకాలిని తీసికొనవలెను. కీలును వంచి పట్టిన ఎముకకొన స్పష్టముగా తెలియును.

ఆ వెంటనే, అదే పూట, కోడిని సంఘపు కాటామీద తూచవలెను. గంపలో పెట్టి తూచినచో ఖాళీగంప తూకమును ముందే తీసియుంచవలెను. ఒక పుస్తకములో గీతలు గీసి, కోడి గుర్తు, పుంజో పెట్టయో, జాతి, సుమారు వయస్సు, రొమ్ము చుట్టు, కాలి పొడవు, తూకము, ఇవి వరుసగా వ్రాయవలెను. గుడ్డు కడుపులో నుండి నేడో రేపో పెట్టబోవు పెట్టను, ఈకలు రాల్చుచున్న పెట్టను, పొదుగుచున్న పెట్టను ఆ దినమునకు విడిచివేయుడు. నాటుపెట్టలు ముప్పది, పుంజులు ముప్పది యైనను లేనిదే పట్టిక కట్టరాదు. ఒక్క ఇంట అన్ని దొరకవు గనుక ఇది సంఘము చేయదగిన పని. పల్లెలోని పదియిండ్లవారు ఒక ఉదయము పెందలకడ తమ గంపలు ఎత్తక ఉంచినచో, ప్రొద్దెక్కులోపల పని ముగియును.

ఇక పట్టిక కట్టు విధము. పిల్లల లెక్కల పుస్తకములోని గళ్ల కాగితము తీసికొనుడు. అడుగున ఎడమనుండి కుడికి రొమ్ము చుట్టును, ప్రక్కన క్రిందినుండి పైకి తూకమును గుర్తించి, ఒక్కొక్క కోడికి ఒక్కొక్క చుక్క పెట్టుడు. చుక్కలు మేఘమువలె ఎడమక్రిందినుండి కుడిపైకి పోవుచుండును. ఒక నల్లదారమును ఆ మేఘము నడుమగా బిగించి పట్టి, దారమునకు పైన ఎన్ని చుక్కలో క్రిందను సుమారు అన్నియే ఉండునట్లును, రెండుకొనలయందును అట్లే యుండునట్లును జరిపి, దారము వెంట గీత గీయుడు. ఆ గీతయే మీ సూత్రము. 27 సెంటీమీటర్ల దగ్గర గీత యే తూకమును తాకునో, ఆ చుట్టుగల పెట్ట సుమారు అంత తూగును.

లెక్క తెలిసినవారికి దారము అక్కరలేదు. విధము తెలియుటకై కొన్ని అంకెలను కల్పించి చూపుచున్నాను. ఇవి ఏ ఊరి కోళ్లవియు కావు. అయిదు పెట్టల చుట్టుకొలతలు 26, 27, 28, 29, 30 సెంటీమీటర్లనియు, వాని తూకములు వరుసగా 1260, 1480, 1510, 1760, 1840 గ్రాములనియు అనుకొందము. చుట్టుల సగటు 28. తూకముల సగటు 1570. మొదటి పెట్ట చుట్టు సగటుకంటె 2 తక్కువ, తూకము సగటుకంటె 310 తక్కువ. రెండును హెచ్చించిన 620. ఇట్లే తక్కినవానికి 90, 0, 190, 540 వచ్చును. అన్నియు కూడిన 1440. చుట్టులోని తేడాలను వానిచేతనే హెచ్చించి కూడిన 4, 1, 0, 1, 4, మొత్తము 10. 1440ని 10 చేత భాగించిన 144. అనగా చుట్టు ఒక సెంటీమీటరు పెరిగిన తూకము 144 గ్రాములు పెరుగుననుట. 28.5 సెంటీమీటర్ల పెట్టకు 1570కి 72 కలిపి, 1642 గ్రాములని చెప్పవచ్చును. ఇంకను వీశెలలో ఆలోచించు పెద్దలకు, వీశె ఇంచుమించు 1400 గ్రాములని చెప్పిన చాలును. మన సగటుపెట్ట వీశెమీద అయిదు పలములు తూగినది.

ఈ రీతిగా చుక్కల నడుమ గీతను లెక్కచే నిర్ణయించుట ఐరోపాలో లెజాండ్రు 1805లోను, గాస్ 1809లోను ప్రకటించిన పద్ధతి. వారు దానిని ఆకాశములోని గ్రహగతులకు వాడిరి. తల్లిదండ్రుల పొడవునుబట్టి బిడ్డల పొడవు ఎట్లుండునో 1886లో ఇంగ్లండున గాల్టను చూపెను. ఒక జీవిమీద తీసిన పెక్కు కొలతలను ఒక్కచో చేర్చి, అది యే తెగకు చెందునో నిర్ణయించు విధమును 1948లో విపులముగా వ్రాసినవారు మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. బాల్యమున వారు చదివిన ఊళ్లలో మనకు చేరువనున్న నూజివీడు ఒకటి. 2023లో, నూటరెండేండ్ల వయస్సున వారు గతించిరి. పెట్టచుట్టు టేపు పట్టు పనికి ఇంత గొప్ప వంశవృక్షము కలదని తెలిసిన, మన యువకులు దీనిని తేలికగా చూడరని వ్రాసితిని.

గీత గీయగానే దానిని నమ్మరాదు. పై అయిదు పెట్టలకే మన సూత్రమును పెట్టి చూడుడు. సూత్రము 1282, 1426, 1570, 1714, 1858 గ్రాములని చెప్పును. కాటా చెప్పినదానికిని దీనికిని తేడాలు 22, 54, 60, 46, 18; సగటున 40 గ్రాములు. కాని ఇవి సూత్రమును కట్టుటకు వాడిన కోళ్లే. వానిమీద సూత్రము ఒప్పుగా నుండుటలో వింత లేదు. ఆ ముప్పదిలో చేరని మరి పది కోళ్లను తెచ్చి, ముందు టేపుతో చెప్పి, తరువాత కాటాతో చూచి, తేడాలను వ్రాసికొనుడు. ఆ తేడాయే నిజమైన తేడా. అది మొదటి దానికంటె కొంచెము ఎక్కువగా నుండుట సహజము.

ఒక్క కోడిమీద నలుబదియో ఏబదియో గ్రాములు తప్పు వచ్చు సాధనమువలన ఏమి లాభమని అడుగవచ్చును. పది కోళ్లను కలిపి అమ్మునప్పుడు లాభము తెలియును. టేపు ఒకదానిని ఎక్కువగాను ఒకదానిని తక్కువగాను చెప్పును; ఎక్కువతక్కువలు చాలవరకు ఒకదానినొకటి కొట్టివేసికొనును. సగటుతప్పు నలుబది గ్రాములైనచో పది కోళ్ల మొత్తముమీద తప్పు నాలుగువందలు కాదు, సుమారు నూట ఇరువదియైదు మాత్రమే. పదునైదు కిలోలకు పైబడిన గంపలో అది లెక్కింపదగినది కాదు. అయితే టేపును ఎప్పుడును వదులుగా పట్టువానికి ఈ న్యాయము వర్తింపదు. అతని తప్పు ప్రతి కోడిమీదను ఒకేవైపునకు పోవుచు, పదింటిమీద పదింతలగును. పైన బిగింపునుగూర్చి అంతగా చెప్పుటకు కారణమిదియే.

ఇక రెండుమూడు హెచ్చరికలు. మొదటిది, సూత్రమును అది పుట్టిన హద్దులలోనే వాడవలెను. పై లెక్కను 17 సెంటీమీటర్ల పిల్లకు పెట్టి చూడుడు: 1570నుండి 1584 పోవలెను, పిల్ల తూకము సున్నకంటె పదునాలుగు గ్రాములు తక్కువ! అట్టి పిల్లను ఎవరును చూచియుండరు. ఇరువదియారుకును ముప్పదికిని నడుమ పుట్టిన గీత ఆ నడుమనే సత్యము. పిల్లలకు వేరుగా పట్టిక కట్టవలెను.

రెండవది కొంచెము సూక్ష్మము. కొందరు వారము దినముల పిల్లమొదలు రెండేండ్ల పుంజువరకు అన్నిటిని ఒకే కాగితముమీద పెట్టి, చుక్కలన్నియు గీతనంటి పోవుచున్నవని సంతోషింతురు. పిల్ల పెరుగునప్పుడు చుట్టు పెరుగును, కాలు పెరుగును, తూకము పెరుగును. అన్నియు వయస్సు వెంట పరుగెత్తుచుండగా, ఏ కొలత తీసినను తూకముతో చక్కగా పొత్తు కుదురును. అంతమాత్రమున ఒకే వయస్సుగల రెండు పెట్టలలో ఏది బరువైనదో ఆ కొలత చెప్పగలదని తలపరాదు. సంతలో మనకు కావలసినది ఈ రెండవ ప్రశ్నకు జవాబే. కనుక ఎదిగిన పెట్టలను ఎదిగిన పెట్టలతోనే పోల్చి పట్టిక కట్టవలెను. గీతకు చుక్కలు దూరముగా పోయినను, అదియే నిజాయితీగల పట్టిక.

మూడవది, పుంజులకును పెట్టలకును వేరువేరు గీతలు కావలెను. అట్లే జాతికి జాతికి వేరు. మన ఊళ్లలో ఇప్పుడు నాటుకోళ్లతోబాటు, హైదరాబాదులోని రాజేంద్రనగరమున గల కోళ్ల పరిశోధనాసంస్థవారు తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ కోళ్లును పెరళ్లలో తిరుగుచున్నవి. వనరాజ పెట్ట నాటుపెట్టకంటె బరువైనది, గ్రామప్రియ గ్రుడ్లకు పేరొందినది. వీనినన్నిటిని కలిపి ఒక్క గీత గీసినచో అది యే కోడికిని చెల్లని గీత యగును.

వనరాజ ప్రస్తావన వచ్చినది గనుక, కొలతలవలని మరియొక ప్రయోజనమును చెప్పెదను. ఆ సంస్థవారు వనరాజకు తండ్రివైపు వంశమును పెంచుటలో, ఆరువారముల వయస్సున కాలి పొడవు ఎక్కువగా నున్న పిల్లలను ఏరి, వానినే తరమువెంట తరముగా నిలుపుచు వచ్చిరి. తూకమునే చూడక కాలి నెందుకు చూచిరి? పెరటికోడికి ఒట్టి బరువు శత్రువు. కుక్కను, పిల్లిని, గద్దను తప్పించుకొని పరుగెత్తి గూడు చేరవలెనన్న పొడవైన కాళ్లు కావలెను. మన ఇండ్లలో గ్రుడ్లకును పిల్లలకును ఏ పుంజును నిలుపవలెనో ఎంచునప్పుడు ఈ మాట జ్ఞప్తిలో నుంచుకొనవచ్చును. ఆరువారములకు పిల్లల కాళ్లు కొలిచి, మంచివానికి కాలికి రంగుదారము కట్టి, సంక్రాంతికి వచ్చు బేరగానికి వానిని చూపకుండుటయే కావలసిన శాస్త్రము. జరుగుచున్నది దీనికి విరుద్ధము: మిక్కిలి పెద్దదే ముందు అమ్ముడుపోవును, మిగిలిన గిడసబారిన పుంజే మందకు తండ్రి యగును.

సంక్రాంతి మాట వచ్చినందున ఒక సంగతి చెప్పక తీరదు. పందెపుపుంజుల బేరములలో డేగయా, కాకియా, నెమలియా అని రంగును చూచి వేలకు వేలు పోయుచుందురు. రంగు తూకమును చెప్పదు, ఆరోగ్యమును చెప్పదు. ప్రాణులయెడ క్రూరత్వమును నివారించు 1960వ సంవత్సరపు చట్టమును, జూదమును నిషేధించు 1974వ సంవత్సరపు రాష్ట్రచట్టమును ఆ పందెములకు అడ్డుగా నున్నవి. మా టేపు ఆ పందెములలో జోడు కుదుర్చుటకు తయారైనది కాదు. ఎవరైన అందులకై అడిగిన చెప్పవలదని సంఘపు గుమాస్తాలకు నా మనవి.

మందుల విషయమున తూకము ముఖ్యము. ఏలికపాముల మందు కోడి తూకమునుబట్టి పోయవలసినది. అందాజుగా పోసిన, చిన్నకోడికి ఎక్కువయు, పెద్దకోడికి తక్కువయు పడును. తక్కువ పడినచో పురుగులలో కొన్ని చావక మిగిలి, మందుకు అలవాటుపడిన సంతతిని వదలును. మందుసీసామీద కిలోకు ఎంత యని వ్రాసియుండునో, పశువైద్యులు ఎంత చెప్పుదురో, దానిని టేపు చెప్పిన తూకముతో హెచ్చించుకొనవలెను. ఏబది గ్రాముల తేడా ఇక్కడ లెక్కలోనిది కాదు. కిలోన్నర పెట్టను రెండున్నర కిలోలని తలచుటవలననే చేటు. కొక్కెర తెగులునకు వేయు టీకాకు మాత్రము ఈ లెక్క లేదు. పిల్ల బరువెంతయైనను కంటిలోనో ముక్కులోనో వేయు చుక్క చుక్కయే. దానిని తూకమునుబట్టి తగ్గించుట, హెచ్చించుట కూడదు.

నెలకొకసారి కొలిచి వ్రాసికొను ఇంటికి జబ్బు ముందుగానే తెలియును. ఈకల క్రింద చిక్కిపోవు కోడి కంటికి నిండుగానే కనబడును. టేపు ఒక సెంటీమీటరు తగ్గినప్పుడు రొమ్ముటెముకను వ్రేలితో తడవి చూడుడు. అది కత్తివాదరవలె తగిలినచో, ఆ కోడిని వేరుచేసి కారణము వెదకవలెను. దీనికి విపరీతముగా, చుట్టు పెద్దదై, కడుపు నీటితిత్తివలె మెత్తగా జారియున్న పెట్ట లావెక్కినది కాదు, లోపల నీరుపట్టినది. టేపు దానిని మంచితూకమని చెప్పును. చేతితో తడవక టేపునే నమ్మరాదనుటకు ఇదొక నిదర్శనము.

ఒక గంపనుండి మరియొక గంపకు, ఒక ఇంటినుండి మరియొక ఇంటికి టేపును కడుగక తీసికొనిపోరాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు ప్రాంతపు కోళ్లపారములలో పక్షులకు వచ్చు ఇన్‌ఫ్లూయెంజా బయలుపడి, వేలకొలది కోళ్లు పోయినవి. అట్టి తెగుళ్లు రెట్టలవెంటను, పనిముట్లవెంటను, చెప్పులవెంటను నడచును. ఇంటికొక టేపు ఉండుట ఉత్తమము. సంఘపుటేపు అయినచో సబ్బునీటిలో ఉతికి ఎండలో ఆరవేసి, కాటా కొక్కెమును కూడ కడిగి, తరువాతనే రెండవయింట వాడవలెను. ఊరిలో కోళ్లు ఉన్నట్టుండి చచ్చుచున్నప్పుడు ఎవరును ఎవరి ఇంటికిని కొలుచుటకు పోరాదు.

పట్టిక సిద్ధమైన తరువాత దానిని గోడమీద అంటించుటకంటె, టేపుమీదనే తూకములు వ్రాసికొనుట సులువు. చెరగని సిరాతో, 26 దగ్గర పెట్టతూకమును, దాని వెనుకవైపున పుంజుతూకమును వ్రాసినచో, చదువురాని యామెయు బేరగాని యెదుట టేపు చుట్టి, అంకెను మనుమనిచే చదివించుకొనగలదు. గుడ్డటేపు తడిసి ఆరి సాగుచుండును గనుక, ఆరునెలలకొకసారి బడిలోని కర్రకొలబద్దతో సరిచూచి, అరసెంటీమీటరు సాగినదానిని పారవేయవలెను. ఈకలు రాల్చు కాలము గడచిన పిమ్మట ఏడాదికొకసారి పది కోళ్లను మరల కాటాకెక్కించి గీతను సరిచూచుకొనవలెను. పది కోళ్లలో ఏడెనిమిది గీతకు ఒకేవైపున నున్నచో పాతపట్టికను చింపి, మరల ముప్పది కోళ్లతో మొదలుపెట్టవలసినదే.